అగ్నిపరీక్ష యెచ్చట జరుగవలయును?

విద్యుత్తును కడవలో నీళ్లవలె నింపుకొని యింటికి గొనిపోవు కాలము వచ్చినది. నంద్యాలనుండి ఆళ్లగడ్డవరకు జాతీయ రహదారి వెంబడి పోవువారు విద్యుత్ స్కూటర్ల దుకాణములను, ఇన్వర్టర్ల అంగళ్లను, చప్పుడు లేక సాగిపోవు మూడు చక్రముల బండ్లను నిత్యము చూచుచునే యున్నారు. మన జిల్లాలోని గని గ్రామమునకును పొరుగుననున్న శకునాలకును నడుమ వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. పాణ్యము మండలములోని పిన్నాపురమున, మిగులు విద్యుత్తుతో నీటిని ఎత్తునకు తోడి, అవసరమైనప్పుడు క్రిందికి విడిచి, మరల విద్యుత్తుగ మార్చు నిర్మాణమునకు పూనుకొనిరి. సూర్యుడు అస్తమించినను దీపము ఆరరాదన్నచో వెలుగును దాచు పాత్ర యొకటి కావలయును. ఊరికి పిన్నాపురము వంటిది, ఇంటికి బ్యాటరీ. ఆ పాత్రకు పగులు లేదని చూచువారెవరు? ఎప్పుడు చూచుచున్నారు? చూచినట్లు మనకెట్లు తెలియును? ఈ వారము మేము పాఠకుల ముందుంచు ప్రశ్న యిదియే.

2022వ సంవత్సరము తెలుగువారికి ఈ ప్రశ్నను బూడిదలోనుండి నేర్పినది. ఆ యేప్రిలు మాసమున నిజామాబాదులో నొక యింటిలో విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి వృద్ధుడొకడు మరణించెను. కొలది దినములకే విజయవాడలో చార్జికి బెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి యింటి యజమాని మృతిచెందెను. సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికిందరాబాదులో, క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణమును పైన హోటలును గల భవనమున అగ్ని పుట్టి, పొగ పైయంతస్తుల కెగబ్రాకి, ఎనమండుగురిని బలిగొనెను. చనిపోయినవారిలో బ్యాటరీ లోపల నేమున్నదో యెరిగినవారు లేరు. ఎరుగవలసిన బాధ్యత వారిది గాదు. ఎరిగి, పరీక్షించి, మంచిదని చెప్పి అమ్మవలసిన బాధ్యత వేరొకరిది.

ఆ యేడు కేంద్ర ప్రభుత్వము హైదరాబాదునందలి ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థకు అప్పటి డైరెక్టరగు టాటా నరసింగరావుగారి అధ్యక్షతన నిపుణుల సంఘమును నియమించెను. సెల్లులు, వానిని కాచు ఎలెక్ట్రానిక్ వ్యవస్థ, చార్జరు, బ్యాటరీ కూర్పు, ఒక సెల్లులోని మంట పొరుగు సెల్లునకు ప్రాకకుండు ఏర్పాటు—వీనిని గూర్చి ఆ సంఘము సిఫారసులు చేసెను. తదనుసారముగ ద్విచక్ర, త్రిచక్ర వాహనముల బ్యాటరీలకు వర్తించు ఏ.ఐ.ఎస్. 156 ప్రమాణము సవరింపబడి, 2022 డిసెంబరు 1 నుండి మొదటి విడతయు, 2023 మార్చి 31 నుండి రెండవ విడతయు అమలులోనికి వచ్చెను. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లయినదని కొందరు పరిహసింపవచ్చును గాని, అసలు మొరుగకుండుటకంటె ఇది మేలు. శాసనము ఒక మెట్టెక్కినది. అంతటితో మన పని తీరినదా? తీరలేదనియే మా యభిప్రాయము. ఏలయన, ప్రమాణపత్రము పరీక్షకు బంపిన నమూనాను గూర్చి పలుకును. మన యింటికి వచ్చిన వస్తువును గూర్చి పలుకవలసినది కర్మాగారములో దినదినము జరుగు పరీక్ష. ఈ రెంటికిని గల దూరమునే ప్రజలు గుర్తింపవలసియున్నది.

సీసమును ఆమ్లమును గల పాత బ్యాటరీకి ఒక సుగుణమున్నది. మెకానిక్కు మూత విప్పి హైడ్రోమీటరు ముంచి, ఆమ్లపు సాంద్రత 1.25కు దరిదాపుగ నున్నదో, దిగజారినదో నిమిషములో చెప్పగలడు. లిథియం బ్యాటరీకి అట్టి కిటికీ లేదు. పూత పూసిన రెండు పలుచని లోహపు రేకుల నడుమ ప్లాస్టిక్కు పొరను వేసి, చాపవలె చుట్టియో మడతలుగ పేర్చియో, నిప్పంటుకొను స్వభావము గల ద్రవమును పోసి, గాలి చొరకుండ మూసివేసిన వస్తువది. రేకులను వేరుచేయు ఆ పొర మందము సాధారణముగ 10 మొదలు 25 మైక్రానులు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఇంత పలుచని గోడ కీవల ధనము, ఆవల ఋణము. కంటి కగపడని లోహపు రజను ఆ గోడను పొడిచినచో రెండును కలియును, వేడి పుట్టును, ఆ వేడి మరింత వేడిని పుట్టించును. ఒక్క సెల్లు మండినచో ప్రక్క సెల్లులకు అది అంటుకొనును. పైకి మాత్రము ఆ బ్యాటరీ క్రొత్తగను, నున్నగను, వారంటీ కాగితముతోడను కానవచ్చుచుండును.

కావున కొనువాడు పరీక్షింపజాలడు, అమ్మువాడును పరీక్షింపజాలడు. పరీక్షింపగలవాడు చేయువాడొక్కడే. అతడు చేయవలసిన పరీక్షలు ఒకటి గావు, ఒక వరుస. వచ్చిన ముడిపొడులలో లోహపు రేణువులు లేకుండ అయస్కాంతములచే ఏరివేయవలయును. తేమ శత్రువు గావున, తేమను పీల్చివేసిన గదులలోనే పని సాగవలయును. రేకుమీద పూత యంతట ఒకే తూకమున నున్నదో లేదో యంత్రము క్షణక్షణము కొలువవలయును. రేకును కోసినప్పుడు అంచున ముండ్లవలె లోహపు తునకలు లేచినవేమో చూడవలయును. ఋణపు రేకు ధనపు రేకు అంచును దాటి కొంచెము వెలుపలికి నిలువవలయును. అట్లు లేనిచో చార్జి అగునప్పుడు లిథియం లోహము సూదులవలె పెరిగి పొరను పొడుచును. దీనిని ఎక్స్‌రే చిత్రములోనే చూడవలయును. ద్రవమును పోయుటకు ముందు అధిక వోల్టేజి పెట్టి, లోపల రెండు రేకులును ఎచ్చటనైనను తాకుచున్నవేమో పరీక్షింపవలయును. పోసి మూసిన పిమ్మట కారుచున్నదేమో చూడవలయును.

అటుపిమ్మట వచ్చునది మిక్కిలి ముఖ్యమైన ఘట్టము. సెల్లునకు మొట్టమొదటి చార్జిని మెల్లగ, తక్కువ ప్రవాహముతో నియ్యవలయును; అప్పుడే ఋణపు రేకుపై రక్షణనిచ్చు పలుచని పొర యేర్పడును. తరువాత ఆ సెల్లును కొన్ని దినములు మొదలు రెండు మూడు వారములవరకు ఊరక నుంచవలయును. మొదట దాని వోల్టేజి కొలిచి వ్రాసికొనవలయును. గడువు తీరినపిదప మరల కొలువవలయును. మంచి సెల్లు తనకిచ్చినదానిని ఇంచుమించుగ నిలుపుకొనును. లోపల సూక్ష్మమైన దోషము గల సెల్లు, సన్నని చిల్లి గల కుండవలె, తోటివానికంటె కొంచె మెక్కువగ కోల్పోవును. ఆ భేదము వోల్టులో వేయవ వంతులలో నుండును. ఆ కొంచెమును కనిపెట్టి సెల్లును తీసివేయువాడు ఒక యింటిని కాపాడినవాడు. అది మిగిలినవానివలెనే యున్నది గదా యని పెట్టెలో చేర్చువాడు ఆ యింటిలో నిప్పురవ్వను దాచినవాడు.

ఈ పరీక్షకు పెద్ద యంత్రము అక్కరలేదు. వలసినది కాలము, ఓపిక, నిజాయితీ. కష్టమును అచ్చటనే యున్నది. వారములతరబడి గిడ్డంగిలో నిలిచిన సెల్లులు నిలిచిపోయిన పెట్టుబడి. పండుగ బేరము ముంచుకొని వచ్చుచుండును; డీలరు ఫోనుమీద ఫోను చేయుచుండును; బ్యాంకు వడ్డీ యాగదు. మూడు వారముల విశ్రాంతి మూడు దినములైనచో ఎవరికి తెలియును? ఎవరికిని తెలియదు—ఒకనాటి రాత్రి తెలియువరకు.

ఒక్క మెతుకు పట్టిచూచిన అన్నము ఉడికినదో లేదో తెలియునని మనవారందురు. అన్నము విషయమున అది సత్యము. విత్తనముల విషయమునను చాలవరకు సత్యమే. 1906లో వెలసిన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రము చుట్టును ప్రత్తి, వరి విత్తనముల పంట బలిసిన సీమ మనది. రైతులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. విత్తన పరీక్షాశాలలో రాశినుండి నమూనా తీసి, నాలుగు వందల గింజలను మొలకెత్తించి, రాశి మంచిచెడ్డలను నిర్ణయింతురు. కొన్ని గింజలు మొలవకపోయినచో చేనిలో కొన్ని సందులు పడును. మొలవని గింజ ప్రక్క మొక్కను చంపదు. సెల్లు అట్టిది గాదు. చెడిన సెల్లు మంచి సెల్లులను గూడ కాల్చును. పదివేల సెల్లులలో ఒక్కటి చెడినదనుకొందము. మిక్కిలి స్వల్పమని తోచును. కాని ఒక్కొక్క బ్యాటరీలో నూరేసి సెల్లులు గలవనుకొన్నచో, నూరు బ్యాటరీలలో ఇంచుమించుగ ఒకదానియందు ఆ చెడు సెల్లు చేరును. ఆ పదివేలనుండి నూరింటిని మాత్రమే నమూనాగ తీసి చూచినచో అది దొరకు అవకాశము నూటికి ఒకటి. అనగా నమూనా పరీక్ష తొంబదితొమ్మిది మారులు మంచిదని పలికి దోషమును దాటించును. కావున మేకు దింపుట, నలుగగొట్టుట, కొలిమివంటి పెట్టెలో వేడిచేయుట మొదలగు వినాశ పరీక్షలను నమూనాలపై చేయవలసినదే. రవాణా నిమిత్తము ఐక్యరాజ్యసమితి విధించిన ఎనిమిది పరీక్షలును జరుగవలసినవే. కాని వోల్టేజి, లోపలి నిరోధము, నిలువ సామర్థ్యము—ఈ మూడింటి పరీక్ష ప్రతి సెల్లునకును జరుగవలయును. ఇచ్చట ఒక్క మెతుకు చాలదు.

ఇది పేద కర్మాగారముల జాడ్యమని యెవరును తలపరాదు. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో మొదట బజారున బెట్టిన సోనీ సంస్థయే, సెల్లులలో సూక్ష్మ లోహరేణువులు చేరిన కారణమున 2006లో ఇంచుమించు 96 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనుకకు రప్పింపవలసివచ్చెను. 2016లో శామ్‌సంగ్ సంస్థ నోట్ 7 ఫోనులను లక్షలుగ వెనుకకు దీసికొని, తుదకు ఆ రకమునే మానివేసెను. రెండు లక్షల ఫోనులను, ముప్పదివేల బ్యాటరీలను మరల పరీక్షించి 2017 జనవరిలో లోకమునకు కారణము చెప్పెను: ఒక రకపు బ్యాటరీలో మూలయందు ఋణపు రేకు వంగుట, మరొక రకమున అతుకునొద్ద లోహపు ముండ్లు మిగులుట. పిమ్మట ఎక్స్‌రే, విప్పి చూచుట, వోల్టేజి కొలుచుట మొదలగు ఎనిమిది అంచెల పరీక్షను ప్రకటించెను. మొదటనే చేయవలసిన పని నష్టము వచ్చిన తరువాత చేసిరి. కాని చేసిరి, లోకము ముందు కారణము విప్పి చెప్పిరి. ఆ రెండవ గుణమును మనవారు నేర్చికొనవలయును.

ఆళ్లగడ్డ చెంతనే అహోబిల మున్నది. హిరణ్యకశిపుడు పగలు గాదు, రేయి గాదు. లోపల గాదు, వెలుపల గాదు. నరునిచే గాదు, మృగముచే గాదు అని వరుసగ నిబంధనలు కోరుకొని, ఇక భయము లేదనుకొనెను. ఆపద సంధ్యవేళ, గడపమీద, తా నెరుగని రూపమున వచ్చినది. ధ్రువపత్రములోని పంక్తులు లెక్కబెట్టుకొని నిశ్చింతగ నుండు ఉత్పత్తిదారునకు ఈ కథ చాలును. ప్రయోగశాలలో నెగ్గిన బ్యాటరీ, 44 డిగ్రీలు దాటు మన రాయలసీమ యెండలో, గుంతల బాటమీద, ఎగుడుదిగుడు వోల్టేజితో, నాలుగేండ్లు ఎట్లు నిలుచునో గూడ చూడవలసియున్నది.

మేము స్వదేశీ పక్షమువారము. లిథియం సెల్లులను మన దేశము నేటికిని అధికముగ చైనానుండి తెప్పించుకొనుచున్నది. ఈ పరాధీనత పోవలయుననియే మా కోరిక. 1985లో స్థాపితమై తిరుపతి చెంత కరకంబాడిలో పెరిగిన అమరరాజా సంస్థ సీసపు బ్యాటరీలలో దేశమునకు పేరు దెచ్చినది. ఆ సంస్థయే మహబూబునగరు వద్ద దివిటిపల్లిలో, పదేండ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి లక్ష్యముగ, లిథియం సెల్లుల కర్మాగారమునకు 2023లో శంకుస్థాపన గావించెను. సెల్లుల పరిశ్రమకై కేంద్ర ప్రభుత్వము 2021లో 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహకమును ప్రకటించెను. ఇవన్నియు హర్షింపదగినవే. కాని, “పరిశ్రమ పసిది; పరీక్షలతో దాని గొంతు పిసుకరాదు” అను వాదము ఒకటి వినవచ్చుచున్నది. దీనిని మేము అంగీకరింపము. ప్రజల ధనముతో పెరుగు బిడ్డ ప్రజల కొంపకు నిప్పు పెట్టరాదని కోరుట గొంతు పిసుకుట గాదు.

స్వదేశీ యుద్యమము తన వస్తువునెట్లు పరీక్షించినదో ఒక్కమారు జ్ఞప్తికి దెచ్చుకొందము. 1929లో అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమునకు లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. షరతులు కఠినములు: ఎనిమిది గంటలలో 16,000 గజముల నూలు వడకవలయును, స్త్రీ యొకతె అంతసేపును ఆయాసము లేక త్రిప్పగలుగవలయును, ధర 150 రూపాయలకు మించరాదు, ఇరువదియేండ్లు నిలువవలయును, సాలుసరి మరమ్మతు ధరలో నూటికి ఐదు మించరాదు. రాట్నములు వచ్చినవి; పరీక్షలు జరిగినవి; షరతు లన్నింటను నెగ్గిన రాట్నము లేనందున బహుమానము ఎవరికిని ఈయబడలేదు. దేశభక్తి పేరిట మార్కులు కలుపలేదు. ఆళ్లగడ్డ శిల్పులను చూడుడు: రాతిని తట్టి, నాదము విని, లోన పగులు లేదని తెలిసికొనినగాని విగ్రహమునకు పూనుకొనరు. నాదము పలుకని రాయి, ఎంత వెల పెట్టి తెచ్చినదైనను, ప్రక్కకు పోవలసినదే. దేవుడు గానున్న రాతికే పరీక్ష తప్పనప్పుడు, పడకగదిలో చార్జి గానున్న బ్యాటరీకి తప్పునా? కర్మాగారమున తీసివేసిన సెల్లుల కుప్ప సిగ్గుపడవలసినది గాదు. అదియే ఆ కర్మాగారపు గౌరవము.

పరీక్ష వలన ధర పెరుగునని చిన్న ఉత్పత్తిదారులందురు. కొంత పెరుగును, నిజమే. కాని పరీక్ష లేనిచో ఆ వ్యయము మాయము గాదు. కర్మాగారపు లెక్కలోనుండి కొనువాని లెక్కలోనికి, ఒక్కొకచో ఆసుపత్రి లెక్కలోనికి, మారును. ఇక పాత బ్యాటరీలనుండి ఊడదీసిన సెల్లులను, పెద్దవారు త్రోసివేసిన సెల్లులను అతికి, క్రొత్త తొడుగు వేసి అమ్ము అంగళ్లును దేశమున లేకపోలేదు. ఒకచోట పరీక్షలో తప్పిన సెల్లు మరొకచోట చవుక బేరముగ మారుట పరీక్షను అపహాస్యము చేయుట. తీసివేసిన సెల్లు నాశనమైనట్లు గూడ లెక్క యుండవలయును.

ఇక న్యాయము మాట. 2019 నాటి వినియోగదారుల రక్షణ శాసనము, లోపముగల వస్తువు వలన హాని కలిగినచో ఉత్పత్తిదారుని బాధ్యుని జేయుచున్నది. పరీక్ష లేక దోషము తేలదనినచో జిల్లా కమిషను నమూనాను ప్రయోగశాలకు బంపి, నలుబదియైదు దినములలో నివేదిక కోరవచ్చును. చక్కని యేర్పాటు. కాని కాలిన బ్యాటరీ సాక్ష్యము చెప్పజాలదు. బూడిదను ప్రయోగశాలకు బంపి యేమి తెలిసికొందురు? మిగులు సాక్షి యొక్కటే—కర్మాగారపు పరీక్షల దస్తరము. ఆ సెల్లు ఏనాడు పుట్టినది, ఎన్ని దినములు విశ్రమించినది, ఎంత వోల్టేజి కోల్పోయినది యన్న సంగతి ఆ దస్తరమున నుండవలయును. అది ఉత్పత్తిదారుని స్వాధీనమున నున్నది. తన చేతనున్న సాక్ష్యమును దాచువానికి అది ప్రతికూలమై యుండెడిదని న్యాయస్థానము ఊహింపవచ్చునను సూత్రము మన సాక్ష్యశాసనములో నున్నది. అయితే బాధితుడు కోర్టు మెట్లెక్కి ఆ దస్తరమును పిలిపించుకొనువరకు ఏల ఆగవలయును? ఐరోపా సమాజము 2023లో చేసిన శాసనము ప్రకారము, వాహనముల బ్యాటరీలకును పెద్ద పారిశ్రామిక బ్యాటరీలకును 2027 ఫిబ్రవరి 18 నుండి ‘బ్యాటరీ పాస్‌పోర్టు’ ఉండితీరవలయును. అచ్చటి కొనుగోలుదారునకు చెల్లు హక్కు నంద్యాల కొనుగోలుదారునకు ఏల చెల్లదు?

కావున మేము కోరునవి నాలుగు. ఒకటి: ప్రతి బ్యాటరీ నంబరుతో అందలి సెల్లుల పరీక్షా దస్తరము ముడిపడియుండి, కొనువాడు కోరినచో చూడగలుగవలయును. రెండు: అధికారులు ఉత్పత్తిదారుడు పంపిన నమూనాలతో తృప్తిపడక, బజారునుండి విరివిగ తీసి పరీక్షించి, ఫలితములను వస్తువు పేరుతోసహా తెలుగు పత్రికలలో ప్రకటింపవలయును. మూడు: రాయలసీమ యెండలకు దగిన పరీక్షాశాల రాయలసీమలోనే యుండవలయును, మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు అందు పని నేర్వవలయును. నాలుగు: లోపము తెలిసిన బ్యాటరీలను వెనుకకు రప్పించుటలో ఆలస్యము చేసినవారికి తగిన శిక్ష యుండవలయును.

ప్రజలకును ఒక మాట. రసీదు లేని బ్యాటరీని, నంబరు లేని బ్యాటరీని చవుకయని కొనకుడు. ఫోనులు, పవర్ బ్యాంకులు మొదలగువాని లిథియం బ్యాటరీలకు ఐ.ఎస్. 16046 ప్రకారము రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ నంబరు నిజమో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఎవరైనను చూచుకొనవచ్చును. ఒకదాని చార్జరును మరియొకదానికి తగిలింపకుడు. ఉబ్బిన దానిని, క్రిందపడి నలిగిన దానిని వాడకుడు. మెట్లక్రిందను, పడకప్రక్కను, బయటికి పోవు త్రోవకు అడ్డముగను చార్జికి బెట్టకుడు. పఠనమందిరములు ఈ సంగతులను చదువనేరని వారికి చదివి వినిపింపవలయును. బేరమాడుటకు పట్టుదల చూపు మనము పరీక్షను గూర్చి అడుగుటకు మొగమాటపడనేల? అంగడివాడు మొదటిదినము నవ్వును. పదిమంది అడిగిననాడు డీలరును అడుగును. నూరుమంది అడిగిననాడు డీలరు కర్మాగారమును అడుగును.

అగ్నిపరీక్ష తప్పదు. అది కర్మాగారములో, నిపుణుల కన్నులయెదుట, దస్తరములో నెక్కి జరుగవలయునా? లేక మన యిండ్లలో, బిడ్డలు నిదురించు వేళ జరుగవలయునా? దీనికి బదులు చెప్పవలసినవారు ఉత్పత్తిదారులు, చెప్పించవలసినవారు పాలకులు, చెప్పువరకు అడుగవలసినవారము మనము.